మనస్తత్వశాస్త్ర ఓరియంటేషన్ కోర్సును దేనితో కొలుస్తున్నాం?

సంపాదకులకు,

నమస్కారం. డిగ్రీలో మనస్తత్వశాస్త్రాన్ని ప్రధానాంశంగా ఎంచుకున్న విద్యార్థుల కోసం మొదటి సెమిస్టర్‌లో నడిపే ఓరియంటేషన్ కోర్సు గురించి, ఆ కోర్సు పనికొస్తోందో లేదో తేల్చడానికి విభాగాలు అనుసరిస్తున్న పద్ధతి గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా ఈ శాస్త్రాన్ని బోధిస్తున్నాను. ఈ కోర్సును పలుమార్లు నడిపాను. ఇటీవల ఒక విభాగ సమావేశంలో దీన్ని కొనసాగించాలా వద్దా అన్న చర్చ వచ్చింది. చివరి తరగతిలో విద్యార్థులు నింపిన ఫీడ్‌బ్యాక్ ఫారాల సగటు బాగుందని ఒకరు చదివి వినిపించారు, మిగిలినవాళ్లం తలలూపాం, చర్చ అక్కడితో ముగిసింది. కొలత అంటే ఏమిటో, దేన్ని కొలత అనకూడదో ఏటా పాఠం చెప్పేవాళ్లమే గదినిండా కూర్చుని, ఆ సగటు అసలు దేన్ని కొలిచిందని ఒక్కరమూ అడగలేదు. ఆ రోజు నేనూ అడగలేదు కాబట్టే ఈ లేఖ రాయవలసి వస్తోంది.

ఈ కోర్సు ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం వివరించాలి. సామాన్య మనస్తత్వశాస్త్రం అనే మొదటి పేపరు వేరు, ఇది వేరు. ఆ పేపరులో జ్ఞాపకశక్తి, అభ్యసనం, ప్రత్యక్షం, మూర్తిమత్వం వంటి పాఠ్యాంశాలు ఉంటాయి. ఓరియంటేషన్ కోర్సులో ఉండేది ఆ శాస్త్రంలో విద్యార్థిగా బతకడానికి కావలసిన తెలివిడి. ఏ పేపరు ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి, సాంఖ్యకశాస్త్రాన్ని (స్టాటిస్టిక్స్‌ను) చివరి ఏడాదికి వాయిదా వేస్తే ఏం నష్టం, పరిశోధన వ్యాసాన్ని ఎలా వెతకాలి, ఎలా చదవాలి, రాసేటప్పుడు ఇతరుల మాటను తన మాటగా చూపకుండా ఎలా ఉటంకించాలి, ప్రయోగంలో పాల్గొనేవారి పట్ల పరిశోధకుడికి ఉండవలసిన బాధ్యతలేమిటి, డిగ్రీ పూర్తయ్యాక ఏయే దారులు తెరిచి ఉంటాయి, వేటికి పైచదువు తప్పనిసరి అన్నవి అందులో చెప్తారు. సాధారణంగా వారానికి ఒక గంట, ఒక క్రెడిట్. కొన్నిచోట్ల మార్కులు కూడా ఉండవు, పాసయ్యారా లేదా అన్నదే చూస్తారు.

ఇంత చిన్న కోర్సు ఎందుకు పుట్టిందో గుర్తుంచుకుంటేనే దాన్ని దేనితో కొలవాలో తెలుస్తుంది. మా తరగతుల్లోకి వచ్చే పిల్లల్లో చాలామంది మనసులో ఒకే చిత్రం ఉంటుంది: ఒక గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, బాధ చెప్పుకునే మనిషి, ఓపిగ్గా వినే మనిషి. వినే మనిషి తామే కావాలని వాళ్ల కోరిక. అది మంచి కోరికే. అయితే ఈ శాస్త్రం తనను తాను స్వతంత్ర శాస్త్రంగా నిలబెట్టుకున్నది సలహాల గదిలో కాదు, ప్రయోగశాలలో. విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో నెలకొల్పిన ప్రయోగశాలనుంచే మేమంతా చరిత్ర పాఠం మొదలుపెడతాం. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన చికిత్స చేసే అర్హత రాదని, దానికి పైచదువూ అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణా కావాలని, ఈలోగా ప్రామాణిక విచలనాలూ పరికల్పనల పరీక్షలూ వంటి గణాంక పాఠాలు దాటాలని మూడో ఏడాదిలో తెలుసుకుని కుంగిపోయిన విద్యార్థులను నేను చూశాను. ఆ తెలివిడి మొదటి ఏడాదిలోనే, నిర్ణయం మార్చుకోవడానికి ఇంకా వ్యవధి ఉన్నప్పుడే కలగాలన్నది ఈ కోర్సు ఉద్దేశం.

అంటే ఇది విద్యార్థికి నిజమైన సమాచారం ఇచ్చి, ఆ సమాచారం ఆధారంగా నిర్ణయం తీసుకునేలా చేయడానికి పెట్టిన కోర్సు. దాని విలువ కట్టేటప్పుడు చూడవలసినవి కూడా అవే: ఆ సమాచారం పిల్లలకు నిజంగా అందిందా, దాని వల్ల వాళ్ల నిర్ణయాలు మెరుగుపడ్డాయా? అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2013లో డిగ్రీ స్థాయి మనస్తత్వశాస్త్ర విద్యకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదు లక్ష్యాలున్నాయి: శాస్త్ర పరిజ్ఞానం, శాస్త్రీయ అన్వేషణ–విమర్శనాత్మక ఆలోచన, వైవిధ్యం గల ప్రపంచంలో నైతిక–సామాజిక బాధ్యత, భావప్రసారం, వృత్తిపరమైన ఎదుగుదల. ఐదో లక్ష్యాన్ని మిగతా నాలుగింటి సరసన నిలబెట్టడం ఊరికే చేసింది కాదు. ఒక్క ఓరియంటేషన్ కోర్సు ఈ ఐదింటినీ సాధించలేదు, సాధించాలని అడగడమూ న్యాయం కాదు. కానీ తన సిలబస్‌లోని ప్రతి వారమూ వీటిలో దేనికి ఉపకరిస్తుందో చెప్పలేని కోర్సును ఎవరూ కొలవలేరు. కొలతకు ముందు జరగవలసిన పని ఇది. చాలాచోట్ల ఈ పని దగ్గరే ఆగిపోతున్నాం.

ఇక ఫీడ్‌బ్యాక్ ఫారం సంగతి. శిక్షణ కార్యక్రమాలను అంచనా వేయడానికి డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు సూచించాడు: పాల్గొన్నవారి స్పందన, వాళ్లు నేర్చుకున్నది, వాళ్ల ప్రవర్తనలో వచ్చిన మార్పు, అంతిమ ఫలితం. ఫారం మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది. తరగతి నచ్చిందా, అధ్యాపకులు స్పష్టంగా చెప్పారా, మరొకరికి ఈ కోర్సు సిఫారసు చేస్తారా అని అడుగుతుంది. నచ్చడానికీ నేర్చుకోవడానికీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదని మా శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. 1973లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో పరిశోధకులు ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అనే పేరు పెట్టి, పొంతన లేని మాటలతో నిండిన ఉపన్యాసాన్ని హుషారుగా ఇచ్చేలా తర్ఫీదునిచ్చారు. విన్నవారు మనోవైద్యులు, మనస్తత్వశాస్త్రవేత్తలు, సామాజిక సేవా రంగంలోని బోధకులు. వాళ్లు ఆయనకు మంచి మార్కులే వేశారు. అది ఒక్క అధ్యయనమే కదా అనవచ్చు. 2017లో వెలువడిన ఒక మెటా విశ్లేషణ, ఒకే కోర్సును వేర్వేరు అధ్యాపకులు బోధించిన సందర్భాలను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసి, విద్యార్థులు అధ్యాపకులకు వేసే మార్కులకూ వాళ్లు నిజంగా నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని తేల్చింది.

ఓరియంటేషన్ కోర్సు విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పరీక్షల ఒత్తిడి లేదు, చదవవలసిన భారం తక్కువ, అతిథులు వచ్చి తమ వృత్తి అనుభవాలు చెప్తారు, అధ్యాపకులు పేరుపెట్టి పలకరిస్తారు. ఇది పిల్లలకు నచ్చకపోతేనే ఆశ్చర్యపోవాలి. అలాగని ఫారాన్ని పారేయమని నేను అనడం లేదు. తరగతిలో మాట వినపడుతోందా, ఇచ్చిన వ్యాసాలు మరీ కఠినంగా ఉన్నాయా, ఫలానా వారం వృథా అనిపించిందా అన్నవి తెలుసుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు. కోర్సు విలువను తేల్చే పని మాత్రం దాని శక్తికి మించినది.

కొన్ని విభాగాలు ఇంకొక అడుగు వేసి, కోర్సు మొదట్లోనూ చివర్లోనూ విద్యార్థులను తమ గురించి తామే అంచనా వేసుకోమంటున్నాయి. ‘మనస్తత్వశాస్త్ర పట్టభద్రులకు ఉన్న ఉద్యోగావకాశాల గురించి నాకు బాగా తెలుసు’ అన్న వాక్యం ఇచ్చి, ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకెను ఎంచుకోమంటారు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ఇచ్చిన ఈ తరహా మాపని మాకు తిండీ నీళ్లలా అలవాటైపోయింది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, తెలియనితనం తనను తాను గుర్తుపట్టదు. డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, తర్కంలోనూ వ్యాకరణంలోనూ అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకున్నవారే తమ సామర్థ్యాన్ని చాలా ఎక్కువగా ఊహించుకున్నారు. మొదటి వారంలో కూర్చున్న విద్యార్థి పరిస్థితి సరిగ్గా అదే.

రెండో చిక్కు నాకు మరింత ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే దాని వల్ల మంచి కోర్సు చెడ్డదిగా కనిపించే అవకాశం ఉంది. మొదటి వారంలో ఒక విద్యార్థి ‘నాకు బాగా తెలుసు’ అని నాలుగు వేసుకుంటాడు. అతనికి తెలిసిన వృత్తులు రెండే. పన్నెండు వారాల తర్వాత పాఠశాలల్లో, పరిశ్రమల్లో, ఆసుపత్రుల్లో, న్యాయవ్యవస్థలో, గణాంక విశ్లేషణలో ఈ చదువుకు ఉన్న చోట్లు, ఒక్కొక్కదానికి కావలసిన అర్హతలు చూశాక, తనకు తెలియనిది ఎంత ఉందో అతనికి అర్థమవుతుంది. నిజాయితీగా మూడు వేసుకుంటాడు. అంకెలు పెట్టి చూస్తే అతని జ్ఞానం తగ్గింది. నిజానికి అతని చేతిలోని కొలబద్ద పొడవు మారింది. పరిశోధన పద్ధతుల్లో దీన్ని స్పందన ప్రమాణంలో వచ్చిన మార్పుగా చెప్తారు. ‘కోర్సు మొదలయ్యేటప్పుడు మీకు నిజంగా ఎంత తెలుసని ఇప్పుడు అనుకుంటున్నారు?’ అని చివర్లో వెనక్కి తిరిగి అడగడం దీనికి ఒక పాక్షిక పరిష్కారం. పాక్షికం అని ఎందుకంటున్నానంటే, పడ్డ శ్రమకు ఫలితం ఉందని నమ్మాలనుకునే మనసు గతాన్ని కొంచెం చీకటిగా గుర్తు చేసుకుంటుంది.

కాబట్టి తెలుసా అని అడగడం మానేసి, తెలిసినదాన్ని చేసి చూపమనాలి. నేను ఈ కోర్సు కోసం తయారుచేసుకున్న ప్రశ్నల్లో కొన్ని చెప్తాను. క్లినికల్ సైకాలజిస్టుకూ మనోవైద్యుడికీ చదువులో తేడా ఏమిటి? ఒక చిన్న అధ్యయన వివరణ ఇచ్చి, ఇది ప్రయోగమా, రెండు విషయాలు కలిసి మారుతున్నాయా అని మాత్రమే చూసే సహసంబంధ అధ్యయనమా, దీని నుంచి ‘ఇందువల్లే అలా జరిగింది’ అనవచ్చా? పిల్లలు ఒక్కొక్కరిదీ ఒక్కో ‘అభ్యసన శైలి’ అని, దానికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారని చెప్పే ఒక ప్రకటన ఇచ్చి, ఈ మాటకు ఆధారం ఉందో లేదో అరగంటలో గ్రంథాలయ డేటాబేసులో వెతికి చెప్పగలరా? (ఆ నమ్మకాన్ని సమర్థించే తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వశాస్త్రవేత్తలు రాసిన సమీక్ష వెతకడం చేతనైన విద్యార్థికి సులభంగానే దొరుకుతుంది, అందుకే ఆ అంశాన్ని ఎంచుకున్నాను.) మిగిలిన సెమిస్టర్లలో తీసుకోబోయే పేపర్లను ఒక క్రమంలో రాసి, ఆ క్రమానికి కారణం చెప్పగలరా? మనిషి మెదడులో పది శాతమే వాడతాడన్న మాట నిజమా? ఇలాంటి ఇరవై ప్రశ్నలకు జవాబులు దిద్దడం ఫారాల సగటు తీయడం కంటే కష్టమే. దిద్దేవారు ఇద్దరుండి, ఒకరి మార్కులు మరొకరికి తెలియకుండా వేసి, చివర్లో పోల్చుకుంటే కొలతపై నమ్మకం పెరుగుతుంది.

మొదట్లో ఈ పరీక్ష పెట్టి, చివర్లో మళ్లీ పెట్టి, మార్కులు పెరిగాయని చూపితే సరిపోతుందా? సరిపోదు. డొనాల్డ్ క్యాంప్‌బెల్, జూలియన్ స్టాన్లీ 1963లో బోధన పరిశోధకులను ఉద్దేశించే రాసిన పరిశోధన రూపకల్పనల వివరణలో, ఒకే బృందానికి ముందు పరీక్ష, తర్వాత పరీక్ష పెట్టే పద్ధతిని బలహీనమైన పద్ధతుల్లో ఒకటిగా చేర్చారు. ఆ సెమిస్టర్‌లోనే ఆ పిల్లలు సామాన్య మనస్తత్వశాస్త్రం పేపరు చదివారు, సీనియర్లతో మాట్లాడారు, కళాశాలకు అలవాటుపడ్డారు, ఒకసారి రాసిన ప్రశ్నలనే మళ్లీ రాశారు. మార్కుల పెరుగుదలలో ఓరియంటేషన్ కోర్సు వంతు ఎంతో ఆ పద్ధతి విడదీసి చెప్పలేదు.

మధ్యలో మానేసినవాళ్ల వల్ల వచ్చే భ్రమను మాత్రం ఒక ఊహాత్మక లెక్కతో చూపించకుండా వదలలేను, ఎందుకంటే నివేదికల్లో నేను ఎక్కువగా గమనించిన పొరపాటు ఇదే. అరవై మంది చేరారనుకోండి. ముందు పరీక్షలో ఇరవైకి వాళ్ల సగటు 10. వాళ్లలో ఇరవై మంది మధ్యలో మానేశారు. ఆ ఇరవై మంది ముందు పరీక్ష సగటు 6. మిగిలిన నలభై మంది పన్నెండు వారాల్లో ఒక్క అక్షరం కూడా కొత్తగా నేర్చుకోలేదనుకుందాం. అయినా చివర్లో వాళ్ల సగటు 12 వస్తుంది, ఎందుకంటే మొదట్లో కూడా ఆ నలభై మంది సగటు 12 మాత్రమే. పది నుంచి పన్నెండుకు పెరిగిందని నివేదికలో రాస్తాం. నిజానికి ఏమీ పెరగలేదు. తక్కువ వచ్చినవాళ్లు గదిలో లేరు, అంతే. రెండు పరీక్షలూ రాసిన విద్యార్థుల మార్కులనే జతలుగా పోల్చడం, మానేసినవాళ్లెవరో విడిగా చెప్పడం అన్న రెండు జాగ్రత్తలు తీసుకోవడానికి ఏ నిధులూ అక్కరలేదు.

పోలిక బృందం ఎక్కడినుంచి వస్తుందన్నది నిజమైన ప్రశ్న. సాయపడుతుందని మనం నమ్మే కోర్సును సగం మందికి ఇవ్వకుండా ఆపడం న్యాయమా అని సహోద్యోగులు అడుగుతారు. ఆ సంకోచాన్ని నేను గౌరవిస్తాను. కానీ చాలా విభాగాల్లో ఒకేసారి అందరికీ చోటు ఉండదు. సగం మంది మొదటి సెమిస్టర్‌లో, సగం మంది రెండో సెమిస్టర్‌లో ఈ కోర్సు చదువుతారు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది ఇప్పుడు దరఖాస్తు ముందుగా ఇచ్చినవారిని బట్టి జరుగుతోంది. ముందుగా దరఖాస్తు ఇచ్చేవాళ్లు సహజంగానే ఉత్సాహవంతులు, కాబట్టి ఆ రెండు సగాలను పోలిస్తే తేడా కోర్సుదో ఉత్సాహానిదో చెప్పలేం. అదే పనిని చీటీలు తీసి చేస్తే ఎవరికీ ఏదీ తగ్గదు, కోర్సు అందరికీ అందుతుంది, మొదటి సెమిస్టర్ చివర్లో పోల్చదగిన రెండు బృందాలు మనకు దొరుకుతాయి. ముందు పరీక్ష రాయడమే ఒక పాఠంలా పనిచేస్తుందేమో అన్న అనుమానం ఉంటే, రిచర్డ్ సోలమన్ 1949లో సూచించిన నాలుగు బృందాల పద్ధతి ఉంది. కోర్సు చదివే బృందంలోనూ పోలిక బృందంలోనూ సగం మందికి ముందు పరీక్ష పెట్టకుండా వదిలేయడమే అందులోని కిటుకు. చిన్న విభాగానికి అంత అవసరం లేదు. చీటీలు కూడా వీలుకాని చోట, కోర్సు మొదలుపెట్టక ముందటి బ్యాచ్‌ను పోలికకు తీసుకోవచ్చు, దాని పరిమితులను దాచకుండా చెప్పి.

ఇంకో మాట. దేనితో పోలుస్తున్నామన్నది కూడా ముఖ్యం. ఏమీ చేయకపోవడంతో పోలిస్తే పన్నెండు గంటల కోర్సు నెగ్గడం పెద్ద విషయం కాదు. ఒక పూట సదస్సు, ప్రతి విద్యార్థితో అరగంట ముఖాముఖి సలహా, చక్కగా రాసిన ఒక చిన్న పుస్తకం ఇంతే పని చేస్తాయేమో చూడాలి. అధ్యాపకుల గంటలు ఊరికే రావు. అలాగే తేడా సాంఖ్యక పరీక్షలో నెగ్గిందా లేదా అన్నదానితో ఆగకుండా, ఎంత పెద్దదో చెప్పాలి. తేడా ఎంత పెద్దదో చెప్పే ప్రభావ పరిమాణాలకు జాకబ్ కోహెన్ ఇచ్చిన 0.2 (చిన్నది), 0.5 (మధ్యస్థం), 0.8 (పెద్దది) అన్న గుర్తులను మేము తరగతిలో కంఠస్థం చేయిస్తాం, మా సొంత కోర్సు నివేదికలో మాత్రం వాటి ఊసే ఉండదు. ముప్పై మంది ఉన్న బ్యాచ్‌లో చిన్న తేడా పట్టుబడదు కాబట్టి మూడు నాలుగేళ్ల బ్యాచ్‌ల ఫలితాలు కలిపి చూడాలి. అందుకు ఏటేటా అదే పరీక్ష, అదే పద్ధతిలో పెట్టాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. యాజమాన్యాలు ఈ కోర్సు విజయాన్ని ఒక్క అంకెతో చూడాలనుకుంటాయి: ఎంతమంది విద్యార్థులు ఈ విభాగంలోనే కొనసాగారు? సీట్లు ఖాళీ అవుతాయన్న వాళ్ల భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఈ కోర్సు ఉద్దేశం విద్యార్థికి నిజం చెప్పడమైతే, ఆ నిజం విని కొందరు వెళ్లిపోతారు. కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థిని బాధల్లో ఉన్నవారికి వెంటనే, చేతలతో సాయపడాలన్న ఆశతో మా విభాగంలో చేరింది. చికిత్సకురాలిగా పనిచేయడానికి పట్టే ఏళ్లూ, చదవవలసిన గణాంకాలూ, ప్రయోగాలూ ఈ కోర్సులో తెలుసుకుని, నెల రోజులు ఆలోచించి, నర్సింగ్‌కు మారింది. ఆ ఏడాది విభాగ నివేదికలో ఆమె పేరు నష్టం కింద చేరింది. తర్వాత ఒకరోజు కలిసినప్పుడు, మూడో ఏడాదిలో తెలియవలసిన సంగతి మొదటి ఏడాదిలోనే తెలియడం వల్ల తనకు రెండేళ్లు మిగిలాయని చెప్పింది. ఆమెను నష్టంగా రాసిన ఏ కొలతనూ నేను నమ్మలేను.

నిలిచిన సంఖ్యను కొలతగా పెడితే మరో చెడు జరుగుతుంది. ఆ అంకె మీద తన కోర్సు బతుకు ఆధారపడిన అధ్యాపకుడు, తెలియకుండానే, కష్టమైన నిజాలను మెత్తగా చెప్పడం మొదలుపెడతాడు. సాంఖ్యకశాస్త్రం గురించిన వారం ఒక పావుగంటకు కుదించుకుపోతుంది. డిగ్రీతోనే దొరికే ఉద్యోగాలకూ లైసెన్సు కావలసిన వృత్తులకూ మధ్య గీత మసకబారుతుంది. కాబట్టి అడగవలసింది ఎంతమంది ఉన్నారని కాదు. ఉన్నవాళ్లు ఎందుకు ఉన్నారో, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారో, ఆ కారణాలు సరైన సమాచారం మీద నిలిచాయా లేదా అని. వెళ్లే ప్రతి విద్యార్థితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే ఏ ప్రశ్నావళీ చెప్పని సంగతులు తెలుస్తాయి. కుటుంబ పరిస్థితుల వల్ల వెళ్లిన వ్యక్తినీ, తరగతిలో ఎవరూ పలకరించక వెళ్లిన వ్యక్తినీ, ఆలోచించుకుని వెళ్లిన వ్యక్తినీ ఒకే గడిలో వేయడం అన్యాయం. రెండో రకం వాళ్ల విషయంలో కోర్సు నిజంగానే విఫలమైంది, దాన్ని ఒప్పుకోవాలి.

కోర్సు ముగిసిన రోజున తెలిసేది సగమే. మిగతా సగం రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఈ కోర్సు చదివినవాళ్లు సాంఖ్యకశాస్త్రాన్ని సకాలంలో తీసుకున్నారా, పరిశోధనలో సాయపడతామని అధ్యాపకులను అడిగారా, ఇంటర్న్‌షిప్ చేశారా, పైచదువుకు దరఖాస్తు చేసేటప్పుడు తమను బాగా ఎరిగిన అధ్యాపకులనుంచి సిఫారసు లేఖలు తీసుకోగలిగారా? వీటిలో చాలావరకు కార్యాలయ రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి, తీసి చూసేవారు లేరు. కోర్సు తరగతి గదిలో నిజంగా ఎలా నడిచిందన్నది కూడా రాసి ఉంచాలి. ఒకే సిలబస్‌ను ఒక అధ్యాపకుడు నైతిక నియమాల మీద రెండు వారాలు చెప్తే, మరొకరు అతిథి ఉపన్యాసాలతో ఆ వారాలు నింపుతారు. ఫలితం బాగాలేనప్పుడు కోర్సు పనిచేయలేదో, కోర్సు అసలు జరగలేదో తెలియాలి కదా.

నైతికత విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇక్కడ పరిశోధకుడూ మార్కులు వేసే గురువూ ఒక్కరే, పరిశోధనకు లోబడేది ఆ గురువు చేతిలో ఉన్న విద్యార్థి. పరిశోధనల్లో పాల్గొనే మనుషుల రక్షణ కోసం అమెరికాలో 1979లో వెలువడిన బెల్మాంట్ నివేదిక చెప్పిన వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అన్న మూడు సూత్రాలను ఈ కోర్సులోనే పిల్లలకు నేర్పుతూ, వాళ్ల జవాబులను వాళ్ల అనుమతి లేకుండా నివేదికల్లో వాడుకోవడం తప్పు. పరీక్ష ఫలితం కోర్సు మార్కుల్లో కలవదని ముందే చెప్పాలి. జవాబు పత్రాల మీద పేర్ల బదులు సంకేత సంఖ్యలుండాలి, ఆ సంఖ్యల జాబితా బోధించే అధ్యాపకుడి దగ్గర కాక మరొకరి దగ్గర ఉండాలి. పాల్గొనడం ఇష్టం లేదన్న విద్యార్థికి ఏ ఇబ్బందీ రాకూడదు.

ఒక క్రెడిట్ కోర్సుకు ఇంత హంగామా ఎందుకని అడిగేవారుంటారు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. ఏటా చేయవలసిన పనులు అధ్యాపకులకు ఇప్పటికే ఎక్కువ. అయితే నేను చెప్పినవన్నీ ఒకేసారి చేయనవసరం లేదు. రెండుసార్లు పెట్టే ఇరవై ప్రశ్నల పరీక్ష, చీటీలతో రెండు సెమిస్టర్ల విభజన, వెళ్లిపోయేవారితో సంభాషణ, రెండేళ్ల తర్వాత రికార్డుల పరిశీలన అన్న నాలుగూ చాలు. వీటిని చేయడానికి ఎదురుగా చేతులున్నాయి. పరిశోధన పద్ధతుల పేపరు చదివే సీనియర్ విద్యార్థులు ఏటా కల్పిత దత్తాంశాలతో కుస్తీపడుతుంటారు. పేర్లు తీసేసిన ఈ దత్తాంశాలను వాళ్లకిస్తే, తమ విభాగానికి సంబంధించిన నిజమైన ప్రశ్నకు నిజమైన జవాబు వెతుకుతారు. ఫలితం కోర్సుకు వ్యతిరేకంగా వస్తే దాన్ని కూడా అంతే వివరంగా ప్రకటించాలి. నచ్చిన ఫలితాలను మాత్రమే ముద్రించుకునే అలవాటు వల్ల మనస్తత్వశాస్త్రం ఎంత దెబ్బతిన్నదో గత పదిహేనేళ్లలో అందరం చూశాం.

కోర్సు పనికిరాదని ఈ పరీక్షల్లో తేలితే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే నేను దీన్ని ఇష్టంగా బోధిస్తాను. అయినా తేలవలసిందే. ఆ గంటలను పిల్లలకు మరోలా ఇవ్వవచ్చు.

మీ పత్రిక ద్వారా మనస్తత్వశాస్త్ర అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం మొదటి తరగతిలో, పరిచయాలు కూడా కాకముందే, ఒక గంట తీసి ఆ ఇరవై ప్రశ్నల కాగితం పంచండి. మా విభాగంలో నేను పంచబోతున్నాను. చీటీల విభజనకు అనుమతి కోరుతూ అర్జీ కూడా ఇచ్చాను. పిల్లలను ఈ కోర్సుల్లో చేర్పించే తల్లిదండ్రులు, చేరబోయే విద్యార్థులు ప్రవేశాల సమయంలో విభాగాన్ని అడగవలసిన ప్రశ్న కూడా ఉంది: మీ ఓరియంటేషన్ కోర్సు చదివినవాళ్లు చదవనివాళ్లకంటే ఏం ఎక్కువ తెలుసుకున్నారు, అది మీకెలా తెలుసు?

ఇట్లు,
ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు